ఎడమవైపు

కుడివైపా ఎడమవైపా, మా పిల్ల పక్కన నడిచేటప్పుడు నేను ఎటు ఉంటాను, ఏడేళ్లుగా రోజూ చేస్తున్న పని ఇవాళ గుర్తుకు రాకపోవడమేమిటి, మాట్లాడాలంటే కుడివైపే ఉండాలి కదా, నాలుగో ఏట వచ్చిన జ్వరం తర్వాత దానికి ఎడమ చెవి బొత్తిగా వినపడదు, మరి అటునుంచి బండి వస్తే, అటు నేను అడ్డుగా ఉండాలి కదా, ఈ చొక్కా జేబులో పెన్ను, తీసి రేకు డబ్బాలో పడెయ్, ఈ ప్యాంటులో బస్సు టికెట్టు, తడిసి ముద్దయ్యేది, లాండ్రీలో నా పని ఇదే, యంత్రంలోకి వెళ్లే ప్రతి బట్టకీ జేబులు తడిమి ఖాళీ చేయడం, ఒక్క పెన్ను తప్పించుకుందా యాభై చొక్కాలు నీలంగా బయటికొస్తాయి, ఆ రోజు మన మొహం కూడా అదే రంగు, కుడివైపేనేమో, కాదు, ఎడమ, అబ్బ, తల పనిచేయడం లేదు.

పొద్దున ఏడింటికి రైలెక్కింది నా కూతురు, బక్కగా ఉంటుందని మేమంతా పిచ్చుక అంటాం, పదకొండేళ్లు, నన్ను వదిలి ఒక్క రాత్రి కూడా ఎక్కడా పడుకోలేదు, ఇప్పుడు క్లాసు క్లాసంతా కలిసి సముద్రం చూడడానికి పద్నాలుగు గంటల ప్రయాణం, పన్నెండింటికి జంక్షన్‌లో దిగి ఇంకో ప్లాట్‌ఫారం మీదికి మారాలట, పట్టాలు, ఇంజన్లు, ఆ రొద, ఆ జనం, వెనక నుంచి ఎవరైనా పిచ్చుకా జాగ్రత్త అని అరిస్తే ఎటునుంచి అరుస్తారు, టీచరమ్మకి ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది, చెప్పేస్తే పోలా అన్నాడు వాళ్ల నాన్న, ఆయనకి అన్నీ తేలికే, ఒట్టు వేసింది ఆయన కాదుగా, కొత్త బడిలో చేరిన రోజే నా చేయి పట్టుకుని తన నెత్తిన పెట్టుకుంది, నువ్వెవరికీ చెప్పకూడదమ్మా, పాత బడిలో ఒంటిచెవి ఒంటిచెవి అని ఏడిపించారు, నువ్వు చెప్పనని ఒట్టెయ్, వేశాను, పిల్ల నెత్తి మీద చేయి ఉంటే ఏ తల్లి కాదంటుంది, పొద్దున ప్లాట్‌ఫారం మీద టీచరమ్మ నవ్వుతూ అడిగింది కూడా, పాప గురించి ఏమైనా చెప్పాలా అమ్మా అని, నోరు తెరిచాను, పిచ్చుక నా వంక చూసింది, దానికి చలి పడదండీ అన్నాను, మండుటెండల్లో, సముద్రం ఒడ్డుకి వెళ్లే పిల్లకి.

ముక్కు కారుతోంది, ఈ ఆవిరికో ఏడుపుకో తెలియదు, రుమాలు కోసం చీర మీద వేసుకున్న చొక్కా జేబులో చేయి పెడితే రుమాలు లేదు, ఒక హెయిర్‌పిన్ను, ఒక చాక్లెట్టు, మడతపెట్టిన కాగితం ఒకటి తగిలాయి, ఇవెక్కడివి, నావి కావే, అయ్యో, నిన్న సాయంత్రం దాని గౌను ఇస్త్రీ చేశాను, చేతులు వాటంతటవే జేబులు తడిమేశాయి, అలవాటు, దొరికింది దొరికినట్టు నా జేబులో వేసుకుని మర్చిపోయాను, కాగితం విప్పాను, దాని గుండ్రటి అక్షరాలు, మేడమ్ నాకు ఎడమ చెవి వినపడదు, పిలవాలంటే కుడివైపు నుంచి పిలవండి, దయచేసి క్లాసులో ఎవరికీ చెప్పకండి.

చెప్పాలనుకుంది, అదే చెప్పాలనుకుంది, నా చేత ఒట్టు వేయించుకుని తనెందుకు రాసింది, నా మీద నమ్మకం లేకా, నేను చెబితే తప్పూ తను చెబితే ఒప్పూనా, ఏమీ అర్థం కావడం లేదు, అర్థమైంది ఒక్కటే, అది జేబులో పెట్టుకున్న మాటని నేను తీసేశాను, ఇప్పుడు టీచరమ్మకి తెలియదు, ఎవరికీ తెలియదు, గోడ గడియారంలో పన్నెండుకి పది నిమిషాలు, ఫోన్లన్నీ సూపర్‌వైజర్ సొరుగులో, భోజనం బెల్లు కొట్టేదాకా ఇవ్వడు, పక్క బల్ల దగ్గరి అక్క ఏమైందే అలా తెల్లబోయావు అంటోంది, సూపర్‌వైజర్ దగ్గరికి పరిగెత్తాను, సార్ మా పాప సార్ అన్నాను, ఇంకా అరగంట ఉందమ్మా అన్నాడు, మా పాప జంక్షన్‌లో దిగుతోంది సార్ దానికి వినపడదు సార్ అని అరిచేశాను, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పనిది లాండ్రీ అంతా వినేలా అరిచాను, ఒట్టు ఏ గంగలో కలిసిందో, ఆయన వెంటనే సొరుగు లాగాడు.

ఒకసారి మోగి ఆగిపోయింది, రెండోసారి ఎత్తింది టీచరమ్మ, వెనక రైలు కూత, పిల్లల గోల, నేను ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేశాను, ఎడమ చెవండీ, కాగితం రాసిందండీ, నేనే తీసేశానండీ, జేబులు చూడడం నా పనండీ, అవతల నవ్వు వినిపించింది, నాకు తెలుసమ్మా, రైలు కదలగానే వచ్చి చెవిలో చెప్పింది, కాగితం తెచ్చాను మేడమ్ కానీ మా అమ్మ చేతిలో ఏ జేబూ బతకదు అంది, ఇదిగో ఇప్పుడు కూడా నన్ను లాక్కొచ్చి తనకి ఎడమవైపు నిలబెట్టుకుంది, మా అమ్మ ఎప్పుడూ ఇటే నడుస్తుంది మీరూ ఇటే ఉండండి అని, కాగితం లేదన్న సంగతి మీతో అనొద్దంది, తెలిస్తే తర్వాతి రైలెక్కి వచ్చేస్తారట, నిజమేనా అమ్మా.

నిజమే, వచ్చేసేదాన్నే, ఫోను సొరుగులో పెట్టి బల్ల దగ్గరికి వచ్చాను, అక్క ఒక చొక్కా అందిస్తోంది, జేబులో చేయి పెట్టాను, ఏమీ లేదు, ఎడమవైపు, అవును, ఎడమవైపే, అందుకే మాట్లాడాలంటే దాని చేయి గిల్లుతాను, అది మొహం నా వైపు తిప్పుతుంది, అప్పుడు చెబుతాను, నేను మర్చిపోయినా దానికి గుర్తుంది, నా చోటుని సముద్రం దాకా పట్టుకెళుతోంది, ఆ రోజు నా చేయి నెత్తిన పెట్టుకున్నప్పుడు అది అడిగింది దాచమని కాదు, నువ్వు చెప్పకమ్మా అని మాత్రమే, చెప్పుకోవడం తన పని అని.