నల్లుల కంపెనీకి చోటు

మందాయన మంచం కింద వెల్లకిలా పడుకుని, నోట్లో టార్చిలైటు కరిచిపట్టుకుని, మంచంకోళ్ళ సందుల్లోకి సన్నటి గొట్టం దూర్చి నల్లుల మందు కొడుతున్నాడు. పరుపు తీసేశారు కాబట్టి చెక్కల మధ్యనుంచి లాడ్జి మేనేజరు ముఖం కనిపిస్తోంది. ఆ ముఖం మాటిమాటికీ తలుపువైపు తిరుగుతోంది.

"కాస్త తొందరగా కానివ్వవయ్యా. గెస్టులు లేచే టైమైంది."

మందాయన టార్చి తీయకుండానే "ఊఁ" అన్నాడు. పనిలో ఉన్నప్పుడు ఆయన సంభాషణంతా ఇంచుమించు ఇదే. నోట్లో టార్చి ఉన్నవాడితో ఎవరూ లోకాభిరామాయణం పెట్టుకోరు.

మనిషి పొడుగు, సన్నం. మంచాల కింద దూరడానికే పుట్టాడని ఆయన భార్య అంటుంది. మందు డబ్బా మోసీ మోసీ ఎడమ భుజం కిందికి జారింది. అందుకని ఏ ఫొటోలో చూసినా, అప్పుడే అందులోంచి దిగి వెళ్ళిపోబోతున్నవాడిలా ఉంటాడు. వేళ్ళ చివర్లు మందుకి పాలిపోయి, నున్నగా, పసిపిల్లల వేళ్ళలా ఉంటాయి.

పని అయ్యాక మేనేజరు ఆయన్ని వెనక మెట్లమీదుగా దింపి, చెత్త డబ్బాల పక్కనున్న ఇనప తలుపు తీసి, సందు అటూ ఇటూ చూసి బయటికి పంపించాడు. మందాయన దానికేమీ అనుకోలేదు. ఆ ఊళ్ళో ఆయన దూరని ఇల్లు లేదు. ఏ ఇంటికి ముందు గుమ్మం ఎలా ఉంటుందో మాత్రం ఆయనకి తెలియదు.

కాకపోతే ఆరోజు ఆయన బుర్రలో వేరే పురుగు తొలుస్తోంది. ఊరికంతటికీ పెద్దదైన విద్యార్థుల హాస్టలు వార్డెను, తన హాస్టలు పని మొత్తం ఆయనకే అప్పజెప్పుతానన్నాడు. అన్ని మంచాలున్న చోటు దొరికితే ఇక ఊరంతా తిరగక్కర్లేదు. కానీ పైవాళ్ళు మనిషికి ఇవ్వరట, కంపెనీకే ఇస్తారట. కంపెనీ అంటే పేరుండాలి, చిరునామా ఉండాలి, గుమ్మానికి బోర్డుండాలి. "రేపు పొద్దున్నే వచ్చి చూస్తాను. బోర్డు కనపడకపోతే నేనేం చెయ్యలేను" అన్నాడు వార్డెను.

ఇంటికి రాగానే భార్య ఎప్పటిలాగే తలుపు దగ్గరే ఆపి, బట్టలు విప్పించి, విడిగా బకెట్లో పడేసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన బట్టలూ ఆవిడ బట్టలూ ఒక్కసారి కూడా కలిసి తడవలేదు.

"ఏవే, చిరునామా మన ఇంటిదే ఇచ్చేస్తే?" అన్నాడు తువ్వాలు చుట్టుకుంటూ.

"ఇవ్వండి. నా పేరు మాత్రం పుట్టింటి చిరునామాలో రాయించుకోండి" అంది ఆవిడ. "గుమ్మానికి నల్లులని బోర్డు పెడితే రేపు మా చెల్లెలు వచ్చి మన మంచంమీద కూచుంటుందా? ఇరుగుపొరుగుకి మీరు ఆరోగ్యశాఖలో అని చెప్పుకున్నాను."

"నేనెప్పుడు చేశానే ఆరోగ్యశాఖలో?"

"ఆరోగ్యానికి సంబంధించిందే కదా. అబద్ధమేముంది?"

ఆయన తువ్వాలు ముడి వేసుకునేలోగా బావమరిది దిగాడు. కంపెనీలో రెండో భాగస్వామి ఇతనే. ఇస్త్రీ చొక్కా, మెడలో టై, జేబులో రెండు పెన్నులు. ప్రస్తుతానికి ఉద్యోగం లేదుగానీ, చూస్తే ఎవరూ అనుకోరు.

"చిరునామా అంటే మాటలా బావా! అద్దాల బిల్డింగులో ఉండాలి. లిఫ్టుండాలి. పేరు కూడా ఆలోచించాను. గ్రీన్ ఫ్యూచర్ సొల్యూషన్స్."

"అందులో నల్లులెక్కడున్నాయిరా?"

"ఉండవు. అదే అందం."

"రాత్రంతా గోక్కుని గోక్కుని వచ్చినవాడికి అర్థమవ్వాలి కదరా" అన్నాడు మందాయన. అయినా వెళ్ళాడు.

అద్దాల బిల్డింగులో మేనేజరు వాళ్ళని మెత్తటి సోఫాలో కూర్చోబెట్టి, వ్యాపారం ఏమిటని మర్యాదగా అడిగాడు.

"పర్యావరణ సేవలండీ" అన్నాడు బావమరిది వెనక్కి వాలి.

"అంటే?"

"అంటే, అవాంఛనీయ జీవరాశి నుంచి మానవ నివాసాలకి..."

"అంటే?"

"నల్లులండీ" అన్నాడు మందాయన.

మేనేజరు కుర్చీ దానంతటదే వెనక్కి జరిగినట్టయింది. పై అంతస్తులో పళ్ళ డాక్టరున్నాడనీ, కింద బోర్డుమీద అందరి పేర్లూ వరసగా ఉంటాయనీ, పంటికీ నల్లికీ మధ్య ఒక్క గీతే తేడా ఉంటుందనీ చాలా బాధపడుతూ చెప్పాడు. ఆయన చెబుతుండగా మందాయన వేళ్ళు అలవాటుకొద్దీ సోఫా కుట్టువెంట పాకాయి. ఒకచోట ఆగాయి. మెల్లగా లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి, పర్లేదు" అన్నాడు మేనేజరు.

"నిలబడటమే సుఖమండీ" అన్నాడు మందాయన.

రోడ్డుమీదికొచ్చేసరికి బావమరిది మెడ వెనక ఎర్రటి దద్దుర్లు లేచాయి. టై వదులు చేసి గోక్కుంటూ, "చెప్పొచ్చు కదా బావా!" అని ఏడుపుగొంతుతో అన్నాడు.

"వాళ్ళు పిలవలేదుగా. పిలవకుండా చెబితే పరువు తీసినట్టుంటుంది."

"నా పరువో?"

"నీది గోక్కుంటే పోతుందిలే."

అక్కణ్ణుంచి మిఠాయి దుకాణం మీది గదికి వెళ్ళారు. గది ఖాళీగానే ఉంది, గాలీ వెలుతురూ బాగున్నాయి. యజమాని ఉత్సాహంగా తాళం చెవి తిప్పుతూ, ఏం కంపెనీ అని అడిగాడు. మందాయన చెప్పడం మొదలుపెట్టి 'న' అక్షరం దాటి 'ల్లు' దగ్గరికి వచ్చేలోగా, ఆ పెద్దమనిషి ఈయన చేతిలో మిఠాయి పొట్లం పెట్టి, రెండు చేతులూ జోడించి, "మీరు ఈ మెట్లెక్కిన సంగతి ఎవరికీ చెప్పకండి బాబూ" అని బతిమాలి కిందికి దింపాడు. బట్టల కొట్టు పక్కన ఒకరు, బడి ఎదురుగా మరొకరు, మాట వేరైనా అర్థం అదే చెప్పారు. ఒకావిడైతే బోర్డు ఇంటి లోపల, వంటగది గోడకి పెట్టుకునేటట్టయితే ఆలోచిస్తానంది.

ఎండ నడినెత్తికొచ్చింది. వెలిసిపోయిన టైపు బోర్డున్న ఒక పాత పెంకుటింటి అరుగుమీద చతికిలబడి ఇద్దరూ మిఠాయి పొట్లం విప్పారు. బావమరిది స్తంభానికి వీపు రాసుకుంటూ తింటున్నాడు. లోపలినుంచి టకటకమని చప్పుడు. కాసేపటికి ఆగింది. తలుపు తీసుకుని ఒక ముసలాయన బయటికొచ్చాడు. తెల్ల చొక్కా, మెడవరకూ గుండీలు, ముక్కుమీద కళ్ళజోడు.

"చేరడానికొచ్చారా?" అన్నాడు. గొంతులో ఎంత ఆశ ఉందంటే, మందాయన మింగబోతున్న ముక్క అక్కడే ఆగిపోయింది.

"కాదండీ. ఊరికే, నీడకి."

ముసలాయన ముఖం దీపం ఆర్పినట్టయింది. "కూచోండి, కూచోండి" అని లోపలికి వెళ్ళబోయాడు. ఆ వీపు చూస్తూ మందాయన వెళ్ళలేకపోయాడు.

"మాస్టారూ, లోపలికి రావచ్చాండీ?"

గదినిండా టైపు మిషన్లు వరసగా, ఒక్కొక్కదానికీ గుడ్డ ముసుగు. కంప్యూటర్లొచ్చాక నేర్చుకునేవాళ్ళు రావడం మానేశారు. మీటలు బిగుసుకుపోకుండా మాస్టారే రోజుకొక మిషను ముందు కూర్చుని టకటకలాడిస్తున్నాడు. మందాయన ఊరుకోలేక బెంచీల కిందా, కుర్చీల కుట్లలోనూ చూశాడు. ఒక్క నల్లి లేదు. ఉండదు మరి. నల్లికైనా మనిషి కావాలి. ఆ సంగతి ఆయన పైకి అనలేదు. వచ్చిన పని మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాడు. బావమరిది కళ్ళు మూసుకున్నాడు.

మాస్టారు ఆలోచించాడు. "మీ కంపెనీకి జనం వస్తారా?"

"వస్తారండీ. కాకపోతే అటూ ఇటూ చూసుకుని, ఎవరూ లేనప్పుడు వస్తారు."

"ఎలా వచ్చినా రావడమే కదా. బోర్డు పెట్టుకో నాయనా. అద్దె సంగతి తర్వాత. నా బోర్డు మాత్రం తియ్యకూడదు."

సాయంత్రం బోర్డులు రాసే పెయింటరు వచ్చాడు. ఉన్నది మాస్టారి పాత బోర్డు చెక్క ఒకటే. దాన్ని తుడిచి, రెండు వ్యాపారాలూ అందులో ఇరికించాలని చాలాసేపు తల పట్టుకున్నాడు. దీపాలు పెట్టే వేళకి నిచ్చెన దిగి, "రెంటికీ కలిసొచ్చే మాట వేశానండీ" అన్నాడు గర్వంగా. చెక్కమీద నల్లరంగుతో గుండ్రటి అక్షరాలు తళతళలాడుతున్నాయి:

ఇచ్చట టైపు, నల్లులు, బొద్దింకలు శ్రద్ధగా చూడబడును.

బావమరిది నెత్తి కొట్టుకున్నాడు. మందాయన వీధి అవతలికి వెళ్ళి చదివాడు. మళ్ళీ ఇవతలికి వచ్చి చదివాడు. తను చేసే పని పట్టపగలు, నడిరోడ్డుమీదికి తిరిగి ఉండటం ఆయన అదే మొదలు చూడటం. చెమట తుడుచుకున్నట్టు కళ్ళు తుడుచుకున్నాడు.

మర్నాడు వార్డెను వచ్చి బోర్డు చివరిదాకా చదివాడు. "ఇందులో మీదేదండీ?" అని అడిగాడు.

"శ్రద్ధ" అన్నాడు మాస్టారు వెనకనుంచి. ఆయన తమాషాకి అన్నాడో నిజంగానే అన్నాడో తెలియలేదుగానీ, వార్డెను నవ్వేశాడు. పని దొరికింది.

ఆ తర్వాత గది కళకళలాడింది. వచ్చేవాళ్ళు ముందు టైపు గురించి అడిగేవాళ్ళు. ఫీజెంత, ఎన్నాళ్ళు పడుతుంది, చేతివేళ్ళు నొప్పెడతాయా అని అన్నీ అయ్యాక గొంతు తగ్గించి, "మా పక్కింటివాళ్ళకి కాస్త..." అనేవాళ్ళు. మొహమాటం మరీ ఎక్కువైనవాళ్ళు అసలు విషయానికి రాలేక టైపులోనే చేరిపోయేవాళ్ళు. ఒక బ్యాంకు ఆఫీసరు భార్య అలా చేరి, నల్లుల మాట ఎత్తేసరికి టైపు లోయరు పరీక్ష పాసైంది. మాస్టారు మళ్ళీ బెత్తం పట్టుకుని వరసల మధ్య తిరిగాడు. మందాయన భార్య ఒకరోజు క్యారేజీ పట్టుకొచ్చి, బోర్డు చూసి, చీర కొంగుతో దానిమీది దుమ్ము దులిపి వెళ్ళింది. ఆ వారంనుంచి ఆయన బట్టలకి వేరే బకెట్టు లేదు.

కొన్నేళ్ళు అలా గడిచాయి. ఒక వర్షాకాలం మధ్యాహ్నం, హాస్టలునుంచి వచ్చి, తలుపు పక్క బెంచీమీద నడుం వాల్చిన మందాయన మళ్ళీ లేవలేదు. క్లాసు జరుగుతూనే ఉంది. నిద్రపోతున్నాడనుకుని మాస్టారు పిల్లల్ని మీటలు మెల్లగా కొట్టమన్నాడు.

మర్నాడు వచ్చిన జనాన్ని చూసి మందాయన భార్య నిర్ఘాంతపోయింది. లాడ్జివాళ్ళు, కార్లలో వచ్చినవాళ్ళు, పెద్ద పెద్ద కుటుంబాలు. ఎలా పరిచయమని ఎవరైనా అడిగితే, ఒకాయన తన చిన్ననాటి స్నేహితుడన్నాడు. ఒకావిడ తన టైపు క్లాసువాడంది. అద్దాల బిల్డింగు మేనేజరు దూరపు చుట్టమని చెప్పాడు. ఇంతమంది చుట్టాలుండగా పెళ్ళికి ఒక్కరూ రాలేదేమని ఆవిడ ఏడుస్తూనే తమ్ముణ్ణి అడిగింది.

"వచ్చారుగా అక్కా ఇప్పుడు" అన్నాడతను. టై ఎప్పుడు తీసేశాడో, మందు డబ్బా భుజాన వేసుకుని ఉన్నాడు. ఆ సాయంత్రమే హాస్టల్లో పని ఉంది.

టైపు గదిలో పిల్లలు మళ్ళీ మొదలుపెట్టారు. మాస్టారు అరుగు ఊడ్వడానికి వచ్చి, చీపురు పట్టుకుని ఆగిపోయాడు. ముందు గుమ్మం పక్కన, గోడకి ఆనించి, వాన జల్లుకి సగం తడిసి మందాయన చెప్పులున్నాయి. వాటి చుట్టూ ఊడ్చి లోపలికి వెళ్ళాడు.