ఉడకనీ, మూత తీయకు

పొద్దున్నే మిల్లు క్యాంటీన్ తలుపు తీశాక వంటక్క ముందు పొయ్యి వెలిగించేది కాదు. రేకుముక్క తీసుకుని బల్లల మీది జిగురు గీకేది. ఆ ఊళ్లో నలుగురి నోళ్లలో నలిగిన మాట ఎవరన్నా సరే, గడ్డం మీదికి చీమిడిలాంటి జిగురు కారుతుంది. ఆ మాట మొదట అన్నవాళ్లకు మాత్రం కారదు. అందుకే అందరి భుజాల మీదా ఓ గుడ్డ. తుడుచుకుంటారు, మళ్లీ అంటారు.

ఈ మధ్య కారేదంతా ఒక్క మాటకే. ‘ఉడకనీ, మూత తీయకు.’ వంటక్క తమ్ముడు రేడియోలో రోజూ అనేసరికి ఊరంతా పట్టుకుంది. జీతాలెప్పుడంటే మేనేజరు అదే అంటాడు. పళ్ల డాక్టరు రోగి నోట్లోకి వంగి మరీ అంటాడు. ఆ కారింది ఎక్కడ పడుతుందో చెప్పకపోవడమే మంచిది. ఒకాయనైతే శవం దగ్గర అన్నాడు. పోయినాయనకు తుడుచుకునే వీలు కూడా లేదు.

విన్నప్పుడల్లా వంటక్క రేకుముక్కను ఇంకాస్త గట్టిగా నొక్కి గీకేది. ఆ మాట ఆమెది. అమ్మ పోయిన ఏడు ఇంట్లో గింజలు నిండుకుంటే, ఉత్తి నీళ్లు పొయ్యి మీద పెట్టి, ఆకలికి ఏడ్చే తమ్ముడు నిద్రపోయేదాకా అన్న మాట.

మిల్లువాళ్లు తమ్ముడికి సన్మానం పెట్టారు. ఎన్నడూ ఏమీ అడగని వంటక్క ఆ రోజు, “మా అక్క మాట అని ఒక్క ముక్క చెప్పరా” అంది. చెప్తాలే అన్నాడు.

రేడియోలో గడ్డం కనపడదు, వేదిక మీద కనపడుతుంది. అందుకని జలుబు వంక పెట్టి మూతికి పట్టు రుమాలు కట్టుకొచ్చాడు. ఇంత గొప్ప మాట ఎలా తట్టిందని మేనేజరు అడిగాడు.

“గడ్డం గీసుకుంటుంటే తట్టిందండీ.”

ముందు వరసలోంచి వంటక్క లేచి వెళ్లిపోయింది. తమ్ముడు ఆ మాట ఇంకోసారి అనబోయాడు. ఈసారి జిగురు కారలేదు, గడ్డకట్టింది. చల్లారిన గంజి మీద తొక్క కట్టినట్టు పెదాలు మూసుకుపోయాయి. ప్రసంగం అయిపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టారు. పళ్ల డాక్టరు ఊడదీయబోయి, అలవాటు కొద్దీ అదే మాట అని, ఇంకాస్త కార్చాడు. సాయంత్రానికి రేడియోవాళ్లు మరో గొంతు చూసుకున్నారు.

తమ్ముడు క్యాంటీన్ వంటగదిలోకొచ్చి పొయ్యి పక్కన కూలబడ్డాడు. ఆ మూతి చూసి వంటక్క మొహం తిప్పుకుంది. గిన్నెలో ఏదో ఉడుకుతోంది. అతను మూత వైపు చెయ్యి చాచాడు. గరిటెతో ఆ చేతి మీద ఒక్కటేసింది.

“ఉడకనీరా. మూత తీయకు.”

ఆమె గడ్డం పొడిగానే ఉంది. అతని పెదాల మీది తొక్క ఓ మూల చిట్లింది.

“ఈసారీ నీళ్లేనా అక్కా?”

అప్పట్లో వాడు నిద్రపోయాడనే ఇన్నేళ్లూ అనుకుంది. గరిటె పక్కన పెట్టింది.

“కాదు,” అని రేకుముక్క అతని ముందు పడేసింది. “ముందు ఆ బల్లలు గీకి రా, తిందువుగాని.”

గీకాడు. ఇప్పటికీ రోజూ గీకుతున్నాడు. ఊరు మాత్రం ఆ మాట మానలేదు.