మిరపగింజ మందం తేడా

ఉజ్మాకీ నాకూ ఎప్పుడు గొడవైనా కారణం ఒక్కటే. తన ఫిఫ్టీ లెన్స్ వన్ పాయింట్ ఫోర్, నాది వన్ పాయింట్ ఎయిట్. ఆ అంకె తగ్గేకొద్దీ లెన్స్ నోరు పెద్దదవుతుంది, వెనకున్నదంతా మెత్తగా కరిగిపోతుంది. నల్లపాడులో మేమిద్దరం నడిపే స్టూడియోకి కస్టమర్లు రాని పూటల్లా ఇదే రగడ.

"నీది కిటికీ భవ్యా, నాది సింహద్వారం" అంటుంది ఉజ్మా.

"ఆ ద్వారంలో ఫోకస్ నిలబడి చస్తే కదా!" అంటాను నేను.

ఆ రోజు మాత్రం పోట్లాడే ఓపిక నాకు లేదు. నేను పెళ్ళాడాలనుకుంటున్న ప్రేమ్‌చంద్ వాళ్ళమ్మ సుబ్బరావమ్మ గారు సొంతంగా కారం ప్యాకెట్లు వేయబోతున్నారు, వాటి మీదికి బొమ్మ కావాలి. "ఆ ఫొటోల అమ్మాయినే రమ్మను, చూద్దాం" అన్నారట. ఆ చూడడం ఫొటోనా, నన్నా అన్నది కన్న కొడుక్కే అంతుపట్టలేదు. మా పెళ్ళి మాట ఎత్తి ఆరు నెలలైనా ఆవిడ ఔననలేదు, కాదనలేదు. ఫొటో కుదిరితే పెళ్ళి కుదిరినట్టేనని నాకు నేనే తీర్మానించేసుకుని, ఉజ్మాని వెనకెక్కించుకుని స్కూటీ మీద ఫిరంగిపురం అవతల వాళ్ళ కల్లానికి బయల్దేరాను.

కల్లం నిండా ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు. సుబ్బరావమ్మ గారు మధ్యలో పీట వేసుకుని తాలు ఏరుతున్నారు, అంటే రంగు పోయి తెల్లబడిన కాయల్ని పక్కకి తీసేస్తున్నారు. కళ్ళెత్తకుండానే "వచ్చారా? కానివ్వండి" అన్నారు. ప్రేమ్‌చంద్ నా వైపు చూసి, తెగిన చెప్పుని గోనె సంచి వెనక విడిచి వచ్చాడు. ధైర్యం చెప్పాల్సినవాడు చేసిన సాయం అంతే.

నిగనిగలాడే కాయనొకదాన్ని ముందు పెట్టి, నా లెన్స్‌తో వీలైనంత దగ్గరికి వెళ్ళి పూర్తిగా తెరిచి తీశాను. కాయ కొన ఒక్కటే స్పష్టంగా ఉంది, తొడిమ మాయమైంది. ఉజ్మా నన్ను పక్కకి నెట్టి తన లెన్స్ బిగించింది. అదే కొన, అదే మాయం. రెండూ పక్కపక్కన పెట్టి ఎంత గుచ్చి గుచ్చి చూసినా స్పష్టంగా వచ్చిన మేర మధ్య తేడా ఒక మిరపగింజ మందం ఉంటుందేమో. ఇన్నాళ్ళూ మేం జుట్టూ జుట్టూ పట్టుకున్నది దీని కోసమా అని నాకు నవ్వాగలేదు. ఉజ్మా కూడా నవ్వింది గానీ, "ఆ గింజ మందం నాదే" అంది.

అందంగా కరిగిపోయిన వెనక భాగాన్ని చూసుకుని మురిసిపోతూ కెమెరా సుబ్బరావమ్మ గారికి చూపించాను. ఆవిడ మొహం మాడిపోయింది.

"ఇదేంటమ్మాయ్, వెనకంతా తాలే! పొద్దుట్నుంచీ ఏరి చస్తున్నా, మా కల్లంలో ఇంత తాలు ఎక్కడిది?"

"తాలు కాదాంటీ, బ్లర్. కాయల మీద మెరిసే ఎండ అలా తెల్లగా పరుచుకుంటుంది."

"ఎండో గిండో, కొనేవాళ్ళకి పక్కన నిలబడి నువ్వు చెప్తావా?" అంటూ తెర మీదున్న తెల్లటి చుక్కని గోటితో గీకారు. ఏరేద్దామనుకున్నారో ఏమో.

సరేనని నాలుగడుగులు వెనక్కి జరిగి, లెన్స్ నోరు పదహారు దాకా మూశాను. కాయంతా వచ్చింది. దాంతోపాటు వెనక గోనె సంచి, దాని మీద చీమ, ఆ వెనక ప్రేమ్‌చంద్ తెగిన చెప్పు, అన్నీ వచ్చాయి. ఆవిడ పెదవి విరిచారు.

"ఇది మిర్చి యార్డులో పెట్టే శాంపిల్లా ఉందే. చూడగానే వేడన్నంలో కలుపుకోవాలనిపించొద్దూ?"

తెరిస్తే తాలు, మూస్తే చెప్పు! ఏడుపొచ్చింది. నా పెళ్ళి ఒక లెన్స్ కన్నంలో ఇరుక్కుపోయిందని నాకు అర్థమైపోయింది. నేను మొహం వేలాడేసుకోవడం చూసి జాలిపడ్డారేమో, ఆవిడే దోసిట్లోకి కాయలు తీసుకుని "ఇదిగో, ఇలా పట్టుకుంటా, తియ్యి" అన్నారు. కెమెరాకి ఏ లెన్స్ ఉందో కూడా చూసుకోలేదు, మళ్ళీ పూర్తిగా తెరిచి దోసిలి మీద గురిపెట్టాను. సరిగ్గా అప్పుడే గాలి లేచింది. ఘాటు ముక్కులో దూరి, క్లిక్‌తోపాటు కల్లం అదిరేలా తుమ్మాను. చేతిలో కెమెరా ఎగిరి పైకి చూసింది. సుబ్బరావమ్మ గారు తల వెనక్కి వాల్చి నవ్వారు. "కల్లంలో తుమ్ములు లెక్కలోకి రావులే!" అని పడీ పడీ నవ్వారు. నేను తుమ్ముతూనే ఉన్నాను, నా వేలు నొక్కుతూనే ఉంది.

ఎండలో అంత తెరిచి తీస్తే షట్టర్ కన్ను మూసి తెరిచేంతలో వందో వంతు కూడా పట్టదు. అందుకే ఒక్క ఫొటోలో నా తుమ్ము కూడా కదలకుండా నిలబడిపోయింది. ఫోకస్ దోసిలిని వదిలేసి నేరుగా ఆవిడ కళ్ళని పట్టుకుంది. నవ్వుకి తడిసిన రెప్పలు, ముక్కుపుడక స్పష్టంగా ఉన్నాయి. మిగిలిన ప్రపంచమంతా ఎర్రటి మసక.

భయపడుతూనే చూపించాను. ఆవిడ తెరని గోటితో గీకబోయి, ఆగి, తన ముక్కుపుడక తడుముకున్నారు.

"ఇది వెయ్యి" అన్నారు చివరికి.

"ముందూ వెనకా అంతా తాలే కదాంటీ?"

"అయితే అయింది. ఏరేదాన్ని నేనున్నాగా అందులో."

ఉజ్మా కెమెరా లాక్కుని వివరాలు చూసి, "వన్ పాయింట్ ఫోర్! నా లెన్సే!" అని గంతులేసింది. వెయ్యనీ, నాకేం! నా చెవులు రెండూ ఆవిడ దగ్గరే ఉన్నాయి.

"అయినా ఇంకా ఆంటీ ఏంటి? అత్తయ్యా అని పిలవడానికి నోరు రాదా?"

ప్రేమ్‌చంద్ కాయల మీదే కూలబడ్డాడు. నేను పిలుద్దామని నోరు తెరిచాను. మళ్ళీ తుమ్మొచ్చింది. ఒక్కటే.

ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు. "ఆగు! శుభమా అని పెళ్ళి మాట అనుకుంటుంటే ఒంటి తుమ్మా? ఇంకోటి పడందే కుదరదు."

"ఇందాక లెక్కలోకి రావన్నావు కదమ్మా!" అని ప్రేమ్‌చంద్ గోలపెట్టాడు.

"అది ఫొటోకిరా. ఇది పెళ్ళికి."

అందరూ నా ముక్కు వైపే చూస్తున్నారు. ఊపిరి ఎగబీల్చాను, ఎండ వైపు చూశాను, ముక్కు నలుపుకున్నాను. ఆరు నెలలు ఎదురుచూసిన మాట నోటి దాకా వచ్చింది, రావాల్సిన తుమ్ము మాత్రం రాదు! అప్పుడు ఉజ్మా తాపీగా వంగి, ఎర్రగా ఎండిన కాయనొకదాన్ని తీసి, సరిగ్గా నా ముక్కు కింద పెట్టి ఫట్‌మని విరిచింది.

రెండో తుమ్ములోంచే అరిచాను, "అత్తయ్యా!" అని.