రెండు రింగులు

మా నర్సింగ్‌హోములో డాక్టరుగారిని పిలవడానికి ఒక పద్ధతి ఉండేది. వార్డు నుంచి ఆయన ఇంటికి ఫోను చేసి, రెండు రింగులు విని పెట్టేయాలి. ఆయన ఎత్తడు, చొక్కా తొడుక్కుని స్కూటరు తీస్తాడు. హిందూపురంలో మిస్డ్‌కాల్ ఇవ్వడం తెలియని మనిషి ఎవరు? నేను హెడ్ నర్సునైన నాటి నుంచి ఆ రెండు రింగులు ఒక్కసారి కూడా తప్పలేదు.

2006లో డాక్టరు మల్లప్పగారి బావమరిది తిరుపాలు బెంగుళూరు నుంచి దిగాడు. పెనుకొండ, ధర్మవరంలోని మా బ్రాంచీలతో ఇంటర్నెట్ మీదే మాట్లాడుకోవచ్చని మెట్ల కింద ఒక కంప్యూటరు పెట్టాడు. పాత లైన్లు పీకించి, డాక్టరుగారి ఇంటి ఫోనుతో సహా అన్నీ దానికే కలిపారు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. చూస్తేనే నాకు ఒళ్ళు మండింది.

"మీటలు యాడుండాయప్పా దీనికి?"

"మీటలుండవు రూతక్కా. ఏం మార్చాలన్నా ఫైల్లో రాయాల. ప్రపంచమంతా కలిసి రాసిన సాఫ్ట్‌వేరు, ఎవురి సొంతమూ కాదు."

"అయితే చెడిపోతే ఎవురినడగాల?"

వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మొదటి వారమే గొడవ. నంబరు నొక్కాక చాలాసేపు చెవిలో ఏ శబ్దమూ ఉండేది కాదు. ఫోను బతికుందో చచ్చిందో తెలియడం లేదని పెనుకొండవాళ్ళు, ధర్మవరంవాళ్ళు డాక్టరుగారి ప్రాణం తీశారు. తిరుపాలు ఫైల్లో ఇంకో లైను రాశాడు. ఆ తర్వాత నంబరు నొక్కీ నొక్కగానే ట్రింగుమనేది.

"అవతల ఫోను దొరికేదాకా ఈ కంప్యూటరే మీ చెవిలో మోగిస్తాదక్కా. మీకు ధైర్యంగా ఉంటాదని," అని చెప్పి బస్సెక్కాడు. అందరూ సంతోషించారు. నాకెందుకో ఆ ట్రింగు నచ్చలేదు, మరీ తొందరగా పలికేది.

ఎండాకాలం. ఆ మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. డ్యూటీలో నేనూ, ఆయా పార్వతమ్మా. శైలజకు ఆడపిల్ల పుట్టింది. వాళ్ళమ్మ గంగక్క బిడ్డను ఎత్తుకుని మురిసిపోతుండగానే శైలజకు రక్తం పోవడం మొదలైంది. ఇంజెక్షను ఇచ్చాను. గుడ్డ మీద గుడ్డ మార్చాను. ఆగితేనా! పరుగున వచ్చి ఫోను చేశాను. రెండు రింగులు విని పెట్టేశాను.

"సారు వస్తాండాడు, భయపడాకు," అన్నాను గంగక్కతో.

స్కూటరు చప్పుడు లేదు. మళ్ళీ చేశాను, మళ్ళీ మోగింది. భోజనం మీద నుంచి లేస్తున్నాడేమో అనుకున్నాను. ఆయన సెల్లు చూస్తే ఆస్పత్రిలో ఆయన గదిలోనే చార్జింగులో ఉంది. మూడోసారి పెట్టేయకుండా విన్నాను. మోగుతూనే ఉంది. తిరుపాలు మాట అప్పుడు గుర్తొచ్చింది. నా చెవిలో మోగేది మెట్ల కింది కంప్యూటరే, ఆయన ఇంట్లో ఫోను కాదు.

మోకాళ్ళ నొప్పుల పార్వతమ్మను పంపితే ఎప్పటికి చేరేది? ఆమెను శైలజ దగ్గర కూర్చోబెట్టి, రిసీవరు గంగక్క చేతికిచ్చాను.

"ఎవురన్నా ఎత్తితే బిరీన రమ్మని చెప్పు," అని ఎండలో పరిగెత్తాను.

డాక్టరుగారు వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. ఫోను ఆయన మోచేతి పక్కనే ఉంది, చప్పుడు లేదు. కరెంటు పోయి వచ్చినప్పటి నుంచి అది ఎవరికీ దొరకడం లేదని ఆయనకు మాత్రం ఏం తెలుసు?

"ఒక ఫోను చేసింటే సరిపోయేది కదా రూతమ్మా!" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

స్కూటరు ఆపీ ఆపకముందే దిగి ఇద్దరం లోపలికి పరిగెత్తాం. శైలజ నాడి చూశాడు. ఆమె కనురెప్పలు ఎత్తి చూశాడు. చెయ్యి మెల్లగా మంచం మీద పెట్టేశాడు. పార్వతమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

నేను బయటికి వచ్చాను. గంగక్క గోడకానుకుని అలాగే నిలబడి ఉంది. ఒక చేతిలో పసిబిడ్డ, ఒక చేతిలో రిసీవరు. డాక్టరుగారు తన పక్క నుంచే లోపలికి పోయింది కూడా చూసినట్టు లేదు.

"మోగుతానే ఉండాదమ్మా," అంది. "సారు ఎత్తుతాడు కదూ?"

ఆమె చేతిలోంచి రిసీవరు తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నాను. డాక్టరుగారు లోపల ఉన్నాడు. అది మోగుతూనే ఉంది.