మడమ కోసం వాలిన ఇల్లు

పొద్దున లేవగానే పక్క మీదే కాళ్లకు వ్యాయామం మొదలవ్వాలి. మొదలయ్యేది మాత్రం బతిమాలుడు. తువ్వాలు మధ్యలో పాదం ఆనించి, రెండు కొసలూ పట్టుకుని తనవైపు లాక్కోవాలని ఫిజియోథెరపిస్టు చెప్పింది. పొట్టోడు ఆ తువ్వాలుతో శుభ్రంగా ముఖం తుడుచుకుని, దండెం మీద ఆరేయమని అమ్మకిచ్చేవాడు.

నిజానికి అతను ఇప్పుడు పొట్టోడు కాడు. బట్టల షాపులో అద్దాల వెనక బొమ్మలకు కోట్లు తొడిగే పని అతనిది. బొమ్మలన్నీ అతనికంటే పొడుగు. స్టూలెక్కి కాలర్లు సర్దుతుంటే, బయట జనం బొమ్మల్ని వదిలేసి అతన్నే చూసేవాళ్లు. ఆ చూపులు పడలేక, ఎవరెంత చెప్పినా వినకుండా, కాళ్లు పొడిగించే ఆపరేషన్ చేయించుకున్నాడు. ఎముకలు కోసి, చుట్టూ ఇనప చట్రాలు బిగించారు. ఇంట్లో రోజూ మరలు తిప్పుకుంటూ నాలుగు వేళ్ల ఎత్తు పెరిగాడు. ఎముక గట్టిపడేదాకా ఆ చట్రాలతోనే ఉండాలి. ఇంట్లోవాళ్లు మాత్రం పాత పేరుతోనే పిలుస్తున్నారు.

తంటా అంతా పిక్కలతోనే. ఎముక పెరిగినంత సులువుగా కండ సాగదు. సాగకపోతే మడమ నేలకు ఆనదు. ఈసారి చూపించుకోవడానికి వచ్చేసరికి ఆనకపోతే, మళ్లీ కోసి మడమ నరం సాగదీయాల్సిందేనని డాక్టరు తేల్చి చెప్పాడు. మళ్లీ కత్తి అనేసరికి పొట్టోడికి పై ప్రాణాలు పైనే పోయాయి. మడమ లేచిన బొమ్మ వెనక ఊచ లేకుండా నిలబడదని అతనికి తెలియనిది కాదు. అయినా తువ్వాలు లాగితే పుట్టే నొప్పి ముందు ఆ భయం ఏ మూలకూ సరిపోలేదు.

అందుకని తనకొచ్చిన విద్యే వాడాడు. షాపులో బొమ్మ పాదానికి బూటు వదులైతే మడమ దగ్గర అట్టముక్కలు కుక్కుతారు. అలాగే మేజోళ్లలో అట్టలు మడిచి పెట్టుకుని, వాకర్ మీద వంగి నిలబడి, మడమ ఆనేసిందని చాటాడు. అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. నాయనమ్మ పొరుగింటికి కబురు పంపింది. ఫిజియోథెరపిస్టు వచ్చి మేజోడు లాగితే అట్టలు రాలిపడ్డాయి. ఒకదాని మీద చొక్కా సైజు కూడా ఉంది.

“నన్ను మోసం చేస్తే నాకేం పోదండీ,” అంది ఆవిడ. “రేపు కోసేది నా కాలు కాదు.”

అమ్మ వంగి, రాలిన అట్టముక్కలు ఏరి చెత్తబుట్టలో వేసింది. తిట్టినా బాగుండేదనుకున్నాడు. సిగ్గుతో గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాటికి ఇల్లు వాలింది. మంచమున్న వైపు కిందికి దిగి, వంటగది వైపు పైకి లేచింది. నాయనమ్మకు నడుం వంగినప్పుడు తనంతట తనే కుళాయిల్ని కిందికి దించిన ఇల్లే కాబట్టి ఎవరూ నోరెళ్లబెట్టలేదు. అమ్మ గిన్నెల కింద తడిగుడ్డలు పరిచింది. నాయనమ్మ తన కుర్చీని కిటికీ ఊచలకు కట్టేసుకుంది. ఉల్లిపాయలు దొర్లుకుంటూ వచ్చి అతని మంచం కింద చేరాయి. భోజనం, టీవీ, స్నానాల గది, అన్నీ ఎగువనే ఉండిపోయాయి.

“అమ్మా, కంచం ఇటు తెచ్చిపెట్టవే,” అన్నాడు.

“అక్కడ పెడితే జారిపోతోంది నాన్నా. నువ్వే రా.”

అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఆకలి అతనొక్కడిదే కాబట్టి అతనే లేచాడు. అడుగు వేసినప్పుడల్లా పిక్క చిరిగిపోతుందేమో అనిపించింది. ఇంటిని పునాదులతో సహా తిట్టాడు. అలిగి పడుకుంటే అది ఇంకాస్త వాలేది. ఫిజియోథెరపిస్టు తన వెనకే జారుకుంటూ వస్తున్న చెప్పుల్ని కాలితో ఆపి, వాలు చూసి తృప్తిగా తలాడించింది. దిగేటప్పుడు కూడా పిక్క సాగేలా వెనక్కి నడుస్తూ దిగమంది. ఇంత మంచి వాలు తమ ఆస్పత్రిలోనే లేదంది.

వారాలు గడిచాయి. నొప్పి పోలేదుగానీ, దానితోపాటే ఎక్కడం అలవాటైంది. తిట్లు సగం దారిలో ఆగిపోయేవి, ఊపిరి చాలక.

డాక్టరుకు చూపించుకునే రోజు వచ్చింది. ఆస్పత్రి గచ్చు మీద వట్టి పాదాలతో నిలబెట్టారు. డాక్టరు వంగి మడమ కింద కాగితం దూర్చబోయాడు. దూరలేదు. రెండో కాలికీ అంతే. ఇక కోయాల్సిన పనిలేదన్నాడు. పొట్టోడికి ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఇంటికొచ్చి ఆ కబురు చెబుతుండగానే, నేల మెల్లగా చదునైంది. ఇన్నాళ్లూ ముందుకు వంగి నడిచిన అమ్మ, కుర్చీలోంచి లేస్తున్న నాయనమ్మ, ఇద్దరూ ఒక్కసారే తూలారు. అతను వాకర్ వదిలేసి, నిటారుగా నిలబడి, చెరో చేత్తో ఇద్దర్నీ పట్టుకున్నాడు.

నాయనమ్మ కాసేపు అతని మొహం కోసం చొక్కా గుండీల దగ్గర వెతికింది. తర్వాత మెల్లగా తల పైకెత్తింది.

“ఎప్పుడు పెరిగావురా ఇంత?” అంది.