ఒక్క గుంత చూపించు

గుంత తవ్వినవాళ్లే పూడ్చాలి. మా విక్టోరియా రాష్ట్రంలో, సర్కారు భూమిలో సరదాకి బంగారం వెతుక్కునేవాళ్లకి పెట్టిన నియమాల్లో నాకు నచ్చింది అదొక్కటే. పర్మిట్ జేబులో ఉండాలి, తవ్వే యంత్రాలు తేకూడదు, చెట్ల వేళ్లు తెంపకూడదు. అవీ పాటిస్తాను, కాకపోతే గొణుక్కుంటూ పాటిస్తాను.

అలాంటి నన్ను, హేజల్ ట్రెలోర్‌ని, డెబ్బై తొమ్మిదేళ్లదాన్ని, భూముల ఆఫీసు కుర్రాడొకడు దొంగని చేశాడు. పేరు లాక్లన్ ఫైఫ్. పొద్దున్నే మా ఊరి వెనక ఎండిన వాగులో నేను మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరుగుతుంటే చక్కా వచ్చాడు. వాగు మలుపులో ఎవడో ఐదు గుంతలు తవ్వి, నోళ్లు తెరిచి వదిలేసి పోయాడు. ఒకదాంట్లో కంగారూ పిల్ల పడి కాలు విరగ్గొట్టుకుంది.

"తప్పు ఒప్పుకుని ఇక్కడ సంతకం పెట్టండి మామ్మగారూ. పర్మిట్ ఇచ్చేయండి. జరిమానా పడకుండా నేను చూస్తాను," అన్నాడు.

"నేనే తవ్వానని ఎవరు చెప్పారు నాయనా?"

"పర్మిట్ ఉన్నవాళ్లలో రోజూ ఇక్కడికొచ్చేది మీరొక్కరేనట. ఊళ్లో అందరూ చెప్పారు."

"అంటే, కాగితం లేనివాడు దొరకడు కాబట్టి కాగితం ఉన్నదాన్ని పట్టుకున్నావన్నమాట."

నాకు ఒళ్లు మండింది. ఆ కాగితం పోతే నాకు మిగిలేది కిటికీ పక్క కుర్చీ, మోకాళ్ల మీద దుప్పటి. వాగులో ఉన్నంతసేపూ నేను ఎవరికీ అత్తని కాను, ఏ డాక్టరుకీ రోగిని కాను. దాన్ని సంతకం పెట్టి ఇచ్చెయ్యమంటే ఇస్తానా?

"అయితే విను. నిరుటి నుంచీ ఈ వాగులో నాలుగు వందల గుంతలు తవ్వాను. అందులో ఒక్కటంటే ఒక్కటి చూపించు. చూపిస్తే సంతకమూ పెడతా, పర్మిటూ ఇస్తా. సాయంత్రం దాకా టైముంది నీకు."

"నాలుగు వందలా!" అతని మొహం వెలిగిపోయింది. పాపం, పని తేలికైపోయిందనుకున్నాడు.

బూటుతో ఆకులు ఎగదన్నాడు. వంగి చూశాడు. పొదల్లో దూరి చొక్కా చింపుకున్నాడు. గంటన్నర తర్వాత "దొరికింది!" అని కేక పెట్టాడు. వెళ్లి చూశాను.

"అది కుందేలు బొరియ. దాన్నడుగు పర్మిట్."

మధ్యాహ్నానికి చెమటలు కక్కుతూ వచ్చి చెట్టునీడన చతికిలబడ్డాడు. సంచిలోంచి శాండ్‌విచ్ తీసి తిన్నాడు. నా ఫ్లాస్కులో టీ పోసిచ్చాను. పగవాడికైనా టీ ఇవ్వకుండా ఉండలేను, మా అమ్మ పెంపకం అలాంటిది.

"మీరు ఊరికే అన్నారు మామ్మగారూ. నాలుగు వందలు కాదు, నాలుగు కూడా తవ్వి ఉండరు."

"కాస్త లేచి నిలబడు నాయనా."

లేచాడు. అతను కూర్చున్న చోట నా చేతికర్ర గుచ్చాను. మోచేతి లోతు దాకా మెత్తగా దిగిపోయింది. జానెడు పక్కన గుచ్చితే బొటనవేలంత కూడా దిగలేదు.

"నిన్న పొద్దున తవ్వింది ఇది. దీని మీదే కూర్చుని భోంచేశావు."

మోకాళ్ల మీద కూర్చుని చేత్తో కాస్త తవ్వి చూశాడు. పైన ఎండుటాకులు, వాటి కింద బూడిదరంగు మట్టి, ఆ కింద ఎర్ర బంకమట్టి, ఎక్కడివక్కడే ఉన్నాయి. చీమలు కూడా వాటి దారిన అవి పోతున్నాయి.

"దొరికినట్టే కదా మరి. పర్మిట్ ఇవ్వండి," అన్నాడు, నవ్వాపుకోలేక.

"నువ్వు కనిపెట్టావా? నేను చూపించాను."

సంతకం కాగితం రెండు ముక్కలు చేసి జేబులో కుక్కుకున్నాడు. "మరి రిపోర్టులో ఏం రాయమంటారు?"

"ఉన్నదే రాయి. హేజల్ ట్రెలోర్ తవ్విన గుంత ఆఫీసరుగారికి కనబడలేదని రాయి."

"సరే. ఆ ఐదూ ఎవరు పూడుస్తారు?"

నా పార అతని చేతిలో పెట్టాను. "సర్కారు భూమి. ఇక్కడ సర్కారు మనిషివి నువ్వే కదా?"

చొక్కా చేతులు పైకి మడిచాడు. మొదటి గుంత దగ్గర నిలబడి, పక్కనున్న ఆకులన్నీ ఒక్క తోపున లోపలికి తోసేశాడు.

"ఆగు!" అని అరిచాను. "ఆకులు చివర్న. ముందు ఎర్రమట్టి. అవన్నీ బయటికి తీసి మళ్లీ మొదలుపెట్టు."

తీశాడు.