ఎవరి చిత్తం?

పాస్టరుగారి ఆదివారం ప్రసంగం శనివారం మధ్యాహ్నమే భార్య చేతిమీదుగా తయారవుతుంది. ఆయన గదిలో అటూ ఇటూ నడుస్తూ చెబుతుంటే, ఆమె పెద్ద పెద్ద అక్షరాలతో రాస్తుంది. మధ్యలో పొయ్యి మీద పాలూ చూసుకోవాలి, వచ్చినవాళ్ళనీ కూర్చోబెట్టాలి. "రాశావా?" అని ఆయనడిగితే "చిత్తం" అంటుంది. పెళ్ళయిన కొత్తలో నాటకాల్లో భటుడిలా వేళాకోళానికి అన్న మాట. పద్దెనిమిదేళ్ళలో వేళాకోళం పోయి మాట మిగిలింది.

ఇవాళ కలం సాగడం లేదు. పొద్దున ఆసుపత్రి నుంచి మేట్రన్ ఫోన్ చేసింది. "మీకొచ్చిన నర్సు ఉద్యోగం వద్దని మీ ఆయన ఉత్తరం రాశారు. సాయంత్రానికి ఇంకొకరిని తీసుకుంటున్నాం." ఎవరికి చెప్పుకోవాలి? సంఘంలో ఎవరికే కష్టమొచ్చినా పాస్టరుగారి దగ్గరికి పరిగెత్తుకొస్తారు. అందరికీ పాస్టరుగారున్నారు, ఆమెకే లేరు. ఆమెకున్నది మొగుడు.

"మనిషి ఒప్పుకోనిదే కృప కూడా లోపలికి రాదు," ఆయన చెబుతున్నారు. "సర్వశక్తుడై ఉండీ దేవుడు మన చిత్తం కోసం ఆగుతాడు. రాశావా?"

"ఆసుపత్రి వాళ్ళకి వద్దని రాశారటగా?"

ఆయన నడక ఆగింది. "ప్రార్థన చేశాను. ప్రభువు చిత్తం కాదనిపించింది."

"నన్నడగలేదే?"

"నీ సంగతి నాకు తెలీదా? నీ చిత్తం, నా చిత్తం వేరా ఏమిటి?"

కోపంగా అన్నా బాగుండేది. ప్రేమగానే అన్నారు. పక్కగదిలోంచి అత్తగారు అందుకుంది. "పాస్టరమ్మకి ఉద్యోగమేమిటమ్మా, నలుగురూ నవ్వరూ?"

ఆమె తను రాసిన వాక్యాన్ని మళ్ళీ చదువుకుంది. దేవుడు ఆగుతాడట. ఇన్నేళ్ళూ దేవుడి గొంతూ మొగుడి గొంతూ ఒకటేననుకుని బతికింది. రెంటినీ విడదీసి చూస్తే దేవుడు తనను ఏదీ వద్దన్న గుర్తే లేదు. సంతోషం కలగలేదు, భయమేసింది. ఇక మీదట తన మనసేమిటో తనే తెలుసుకోవాలి, తప్పయితే తనే మొయ్యాలి. ఆ ఇంట్లో అంత ఒంటరిగా ఆమెకెప్పుడూ అనిపించలేదు.

లేచి, వాళ్ళిద్దరూ వింటుండగానే మేట్రన్‌కి ఫోన్ చేసింది.

"మేడమ్, వద్దన్నది నేను కాదు. ఒక్కసారి నన్నడగండి."